లంకెబిందెలు ఎటు పోయాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు బల్ల మీద పరుచుకుని చూస్తే సగానికి పైగా నిధుల గురించే ఉన్నాయి. నాకేం ఆశ్చర్యం లేదు. ముప్ఫై ఏళ్లు హనుమకొండలో చరిత్ర పాఠం చెప్పాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక చరిత్ర క్లాసంటే పిల్లలకు జోలపాటే. కానీ పాఠం మధ్యలో ‘లంకెబిందెలు’ అన్నానంటే చివరి బెంచీ కూడా నిటారుగా కూర్చునేది. పాఠకులూ అంతే. కాబట్టి ఈసారి ఈ శీర్షికంతా వాటికే.

*

మేడమ్, సెలవుల్లో పిల్లలతో రాజస్థాన్ టూర్ వెళ్లొచ్చాం. జైపూర్ దగ్గర జైగఢ్ కోటలో గైడు ఒక కథ చెప్పాడు. ఎమర్జెన్సీలో మిలటరీని పెట్టి కోటంతా తవ్వించారట, దొరికిన బంగారం లారీల్లో ఢిల్లీకి పోయిందట, అందుకోసం హైవే కూడా మూసేశారట. మా ఆయన పూర్తిగా నమ్మేశారు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చాక కూడా పంచాయితీ తెగడం లేదు. తీర్పు మీరే చెప్పాలి.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

ఇద్దరికీ చెరి సగం గెలుపు ఇస్తున్నాను, ఇక పంచాయితీ కట్టిపెట్టండి. తవ్విన మాట నిజం. లారీల మాటకు మాత్రం పుకారు తప్ప సాక్ష్యం లేదు.

కథ మొదలు 16వ శతాబ్దంలో ఉంది. ఆమేర్ రాజు మాన్‌సింగ్ అక్బరు సేనాపతి. పాదుషా తరఫున కాబూల్ దాకా యుద్ధాలకు వెళ్లాడు. అక్కడ చేజిక్కిన సొమ్ములో కొంత లెక్క చెప్పకుండా తెచ్చి, ఆమేర్ పైన, ఇప్పుడు జైగఢ్ ఉన్న గుట్ట మీద దాచాడని జనం మాట. దానికి మీనా తెగవాళ్లు తరతరాలుగా కాపలా ఉన్నారట. గద్దెనెక్కిన ప్రతి రాజూ జీవితంలో ఒక్కసారి లోపలికి వెళ్లి, ఒకే ఒక్క వస్తువు తెచ్చుకోవచ్చట. మా అవ్వ కథల్లో ఈ కాపలా పని నాగుపాము చేసేది. అంతే తేడా.

ఇక రికార్డుల్లో ఉన్నది చూద్దాం. 1975లో జైపూర్ రాజమాత గాయత్రీదేవిని అరెస్టు చేసి తీహార్ జైల్లో పెట్టారు. ఆమె కాంగ్రెసుకు ఎదురు నిలబడి గెలిచిన ఎంపీ కూడా. మరుసటి ఏడాది జైగఢ్‌లో నెలల తరబడి సోదాలు, తవ్వకాలు సాగాయి. ఆ సంగతి సరిహద్దు దాటి పాకిస్తాన్ దాకా పాకింది. దేశ విభజన నాటి ఆస్తుల పంపకం ప్రకారం మా వాటా మాకివ్వండని అక్కడి ప్రధాని భుట్టో ఆగస్టులో ఇందిరాగాంధీకి ఉత్తరం రాశాడు. ఇంకా గుంత పూడ్చనే లేదు, వాటాకు మనిషి తయారు! డిసెంబరు నెలాఖరున ఆమె జవాబిచ్చింది: మీకు చట్టప్రకారం హక్కు లేదు, ఇంతకీ అక్కడ నిధీ దొరకలేదు అని. జనం మాత్రం ‘దొరకలేదంటున్నారంటే దొరికిందన్నమాటే’ అనుకున్నారు. మీ ఆయన ఆ వర్గం.

నా అభిప్రాయం అడిగితే, ఆ సొమ్ము ఒకప్పుడు ఉన్నా 1976కు 250 ఏళ్ల ముందే ఖర్చయి ఉంటుంది. జైగఢ్‌కు ఇప్పటి రూపం వచ్చింది రెండో జైసింగ్ కాలంలో, 1726లో. ఆ మరుసటి ఏడే ఆయన జైపూర్ నగరానికి పునాది వేశాడు. ఢిల్లీ, జైపూర్, ఉజ్జయిని, మథుర, కాశీ, ఈ ఐదు చోట్లా నక్షత్రాలు చూసే జంతర్ మంతర్‌లు కట్టించాడు. ఇల్లు కట్టి చూడమన్నారు. ఒక్క ఇంటికే మన పుస్తెలు తాకట్టులోకి పోతాయి, ఆయన ఊరే కట్టాడు.

రిటైరైన ఏడాది నేనూ ఆ కోటకు వెళ్లాను. మోకాళ్ల నొప్పితో నేనూ, చేతికర్రతో మా ఎకనామిక్స్ సారూ. అందరూ జైవాణ ఫిరంగి దగ్గర ఆగి ఫొటోలు దిగుతారు కదా, మేమూ దిగాం. 1720లో ఆ కోటలోనే పోత పోసిన ఫిరంగి అది. బరువు 50 టన్నులు, గొట్టం పొడవు 20 అడుగులు. పక్కన నిలబడితే దాని చక్రం నాకంటే ఎత్తుంది. గొట్టం మీద నెమళ్లను, ఏనుగును ఎంత ముద్దుగా చెక్కారంటే, ఇది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువని కాసేపు మర్చిపోయాను. దాన్ని యుద్ధంలో వాడనే లేదు. పరీక్ష కోసం ఒక్కసారి పేలిస్తే గుండు 35 కిలోమీటర్ల అవతల పడి, పడ్డచోట చెరువు అయిందని మా గైడు చెప్పాడు. ‘బాబూ, మాది ఓరుగల్లు. పాకాల, రామప్ప, లక్నవరం చూసి పెరిగినవాళ్లం. చెరువు ఎంత చెమటకు వస్తుందో మాకు తెలుసు’ అన్నాను. అతనికి హిందీలో నా వేళాకోళం అందలేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఫిరంగి కాదు, నీళ్ల తొట్లు. ఆ గుట్ట మీద బావి తవ్వితే నీళ్లు పడవు. అందుకని చుట్టుపక్కల కొండల మీద పడే వానను కాలువల్లో మళ్లించి, కోటలోని పెద్ద తొట్లలో నింపుకున్నారు. అన్నింటికంటే పెద్దది 60 లక్షల గ్యాలన్లు పడుతుందని గైడు లెక్క. తొట్టిలోకి వచ్చేలోపు మట్టి పేరుకోవడానికి దారిలో చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. మా ఎకనామిక్స్ సారు ఆ కాలువ వెంట వంగి వంగి చాలా దూరం నడిచి, చెప్పులు తెగ్గొట్టుకుని వచ్చారు. మీరు వాటిని చూడకుండా వచ్చి ఉంటే, టూర్ డబ్బుల్లో సగం వృథా.

*

అమ్మా, మాది శివనగర్. మన ఓరుగల్లు కోటలో ఏకశిల గుట్ట కింద ప్రతాపరుద్రుడి ఖజానా ఇంకా ఉందని మా తాత అనేవాడు. భద్రకాళి అమ్మవారి కన్నే కోహినూరు అని కూడా చెప్పేవాడు. ఇందులో నిజమెంత?
— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి, వరంగల్

మీ తాత చెప్పినవి రెండూ మా తాతా చెప్పాడు బిడ్డా. మొదటిదానికి నా దగ్గర గట్టి జవాబుంది. రెండోదానికి సగం జవాబే.

కోట బలంగా ఉన్నంతకాలం ఖజానా లోపల ఉంటుంది. ఓడిన రోజు మొట్టమొదట బయటికి వచ్చేది అదే, ఎందుకంటే ప్రాణానికి వెల కట్టేది దానితోనే. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు జరిగింది ఇదే. ముందు బయటి మట్టికోట పడింది. ఆ మట్టిగోడను ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో తెగ మెచ్చుకున్నాడు, రాళ్లు విసిరితే తగిలి వెనక్కి ఎగిరిపడేవట. ఆ తర్వాత లోపలి రాతికోట చుట్టూ ముట్టడి బిగుసుకుంది. చివరికి ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. దిగుతూ ఒక బంగారు బొమ్మ పంపాడు. అది ఆయన బొమ్మే, మెడలో బంగారు గొలుసు వేసి ఉంది. ‘నేను నీ బందీని’ అని నోటితో చెప్పకుండా బొమ్మతో చెప్పించాడు. పాఠం చెప్పేటప్పుడు నేను ప్రతిసారీ ఇక్కడ ఆగేదాన్ని. ఆ బొమ్మ పోసిన కంసాలి ఎవరో, రాజు ముఖం పోలిక ఎంతవరకు తెచ్చాడో, గొలుసు వేసేటప్పుడు అతని చెయ్యి వణికిందో లేదో!

ఏనుగులు, గుర్రాలు, నగలు, నాణేలు అన్నీ కలిపి వెయ్యి ఒంటెలు మూలిగేంత బరువు ఢిల్లీకి పోయిందని ఖుస్రో రాశాడు. ఆస్థాన కవి కాబట్టి వెయ్యిని కాస్త తగ్గించి చదువుకో. 1318లో మళ్లీ దండు వచ్చింది, మళ్లీ ఇచ్చుకున్నారు. 1323లో ఢిల్లీ సుల్తాను తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో కోటే పోయింది. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. పదమూడేళ్లలో మూడుసార్లు ఊడ్చిన ఇంట్లో నీకోసం బిందె మిగులుతుందా చెప్పు. ఎత్తుకుపోలేనివి మాత్రమే మిగిలాయి. కోటలోని ఆ నాలుగు రాతి తోరణాలూ అలాంటివే. 2014లో తెలంగాణ రాజముద్ర మీదికి ఎక్కిందీ అదే తోరణం.

ఇక కోహినూరు. కాఫర్ తీసుకెళ్లినవాటిలో లోకంలో సాటిలేని ఒక రత్నం ఉందని ఖుస్రో అన్నాడు. దాని పేరు చెప్పలేదు. ‘అదే ఇది’ అని తర్వాతివాళ్లు ముడిపెట్టారు. నాదిర్ షా 1739లో ఢిల్లీ నుంచి దోచుకెళ్లిన దగ్గర్నుంచి దాని దారి స్పష్టంగా తెలుస్తుంది. లండన్ చేరాక 1852లో సాన పట్టి, 186 క్యారెట్లున్న దాన్ని 105కు దించారు. అమ్మవారి కన్ను సంగతి నమ్మకం ఖాతాలో రాసుకో. పరీక్షలో మాత్రం రాయకు, మార్కులు పోతాయి.

*

ఎలగందుల కోట నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

కరీంనగర్ నుంచి మానకొండూరుకు మీరు ఏ బస్సులో వెళ్లినా మానేరు వంతెన దాటాలి కదా. ఎలగందుల ఉన్నది నదికి ఇవతల, మానకొండూరు అవతల. ఆ రోజుల్లో నది అడుగున మైళ్ల కొద్దీ సొరంగం తవ్వి, నీళ్లు ఊరకుండా ఆపగలిగితే, వాళ్లకు కోట అవసరమే ఉండేది కాదు. సొరంగం వెతకడం మాని, 1754లో జఫరుద్దౌలా కట్టించిన దో మినార్ చూసి రండి.

*

మా చేను పక్కన గుట్ట మీద పాత శివాలయం ఉంది. ఈమధ్య రాత్రిళ్లు ఎవరో తవ్వుతున్నారు. మొన్న నందిని పక్కకు దొర్లించారు, చెవి విరిగింది. ఎవరికి చెప్పాలి? ఒకవేళ నిజంగానే ఏదైనా దొరికితే అది ఎవరిదవుతుంది?
— ఒక రైతు, ములుగు జిల్లా

ముందు పోలీసు స్టేషన్‌కు, తర్వాత తహసీల్దారు ఆఫీసుకు చెప్పండి. నోటిమాటగా కాదు, కాయితం మీద. విరిగిన చెవి ముక్క అక్కడే ఉంటే జాగ్రత్త చేయండి, అతికించే వీలుంటుంది. నందిని మీరే లేపి నిలబెట్టకండి, ముందు ఫోన్‌లో ఫొటోలు తీయండి.

దొరికితే ఎవరిదన్నదానికి 1878 నాటి చట్టం ఉంది. భూమిలో పది రూపాయలకు మించిన విలువగలది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వానికి కావాలంటే విలువ మీద ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచినవాడికి ఆ వాటా పోగా, జైలు కూడా. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడిలోనైతే తవ్వడమే నేరం.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు మా పెద్దబాపు గుర్తొచ్చాడు. నాకప్పుడు ఏడేళ్లు. ఎక్కడినుంచో అంజనం వేసేవాడిని పిలిపించాడు. అంజనంలో చిన్నపిల్లలకే కనిపిస్తుందని నన్ను పీట మీద కూర్చోబెట్టారు. తమలపాకు మీద ఆముదంతో నూరిన నల్లటి కాటుక, పక్కన దీపం. ‘ఏం కనిపిస్తుంది బిడ్డా?’ అన్నాడు. నాకు దీపం వెలుగు, నా ముక్కు కనిపించాయి. అదే చెప్పాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి, ఆకలవుతోంది. ‘బిందె కనిపిస్తుందా?’ అన్నాడు. కనిపిస్తుందన్నాను. ‘ఎన్ని?’ అన్నాడు. రెండన్నాను, గొలుసుతో కట్టి ఉన్నాయన్నాను. వెంటనే అన్నం పెట్టారు.

మూడు రాత్రులు తవ్వారు. జత ఎద్దులు అమ్మిన డబ్బు అంజనం వాడికి, మేకపోతులకు అయిపోయింది. గుంతలో వచ్చింది కుండపెంకులు, గంపెడు ఇనుప చిట్టెం, అంటే ఇనుము కరిగించాక మిగిలే తెట్టు. పెద్దబాపు ఆ చిట్టెం మీద ఉమ్మేసి ఇంటికొచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత చదువుకుంటే తెలిసింది, మన ఉత్తర తెలంగాణలో ఊరూరా ఇనుము కరిగించేవాళ్లని, నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లని, డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఈ రకం ఉక్కేనని. ఆ సంగతి చెబుదామంటే అప్పటికి పెద్దబాపు లేడు. నేను అబద్ధం చెప్పానన్న సంగతీ ఆయనకు చెప్పలేదు. అంజనం వాడిని నమ్మి మోసపోయానని ఊరంతా చెప్పుకున్నాడు గానీ, నన్ను ఒక్క మాట అనలేదు.

మీ గుట్ట మీద తవ్వేవాళ్లలో కూడా ఎవరో ఒకరు ఎద్దులు అమ్ముకునే ఉంటారు. వాళ్ల వెనక అంజనం వేసేవాడు ఉన్నాడని తెలిస్తే, పోలీసులకు చెప్పేటప్పుడు వాడి గురించి ముందు చెప్పండి.

*

సవరణ: పోయిన సంచికలో ఓరుగల్లు కోటలోని ఖుష్ మహల్‌ను కాకతీయుల సభామండపం అని రాశాను. మధ్యకోట నుంచి ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద నిలదీశాడు. ఆయనదే సరి. షితాబ్ ఖాన్ మహల్ అని జనం పిలిచినా, ఆ ఏటవాలు గోడలు, పెద్ద కమానులు తుగ్లకుల నాటి పద్ధతివి. అంటే కాకతీయులను గెలిచినవాళ్ల హాలు అది. నా తప్పు మన్నించండి. పోస్టుకార్డు దాచుకున్నాను.