డబ్బా ఎక్కడ గీశారో ముందు చూసుకోండి

విజయనగరంలో మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నానని, పుస్తకంలో లెక్కలు వస్తున్నాయి గానీ కాస్త మార్చి ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని అడిగారు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మంచి మార్కులే తెచ్చుకుని, మా మావయ్య పంపు ముందు తెల్లమొహం వేసినవాణ్ణి నేను.

నరసన్నపేట దగ్గర ఆయనకి నేలబావి ఉంది. గట్టు మీద ఐదు హెచ్‌పీ మోనోబ్లాక్, అంటే మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేది. ఏటా మే నెలలో అదే గొడవ: మోటారు వేస్తే పది నిమిషాలు నీళ్లొస్తాయి, తర్వాత ధార తెగిపోతుంది. మెకానిక్ ఒక ఏడు ఫుట్‌వాల్వ్ (పైపు అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపేది) మార్చాడు, మరుసటేడు ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం). మార్చిన రోజు బాగానే ఆడేది.

నేను పుస్తకం తీసి పంపు చుట్టూ డబ్బా గీశాను, అంటే లెక్కలోకి ఏమేం వస్తాయో చూపే హద్దు గీత. "ఏట్రా, మోటారు సూడకుండా బొమ్మలు గీత్తన్నావు" అన్నాడు మావయ్య. ఆ బొమ్మే తప్పు. అందులో బావి లేదు! నీటి మట్టం నుంచి మళ్లీ గీశాక గానీ విషయం తట్టలేదు. పంపు నీళ్లని లాగదు, గాలి పీడనం పైకి నెడుతుంది. లెక్క ప్రకారం దాని హద్దు సుమారు 10.3 మీటర్లు, అంటే 34 అడుగులు. ఆవిరి పీడనం, పైపు రాపిడి, ఫుట్‌వాల్వ్, పంపుకి కావలసిన పీడనం అన్నీ పోగా, నమ్మకంగా మిగిలేది ఇరవై అడుగుల పైచిలుకు. అందుకే నోట్సులో ముందే రాసిపెట్టుకున్నాను: నీరు 25 అడుగుల కిందుంటే తప్పు పంపుది కాదు.

తాడుకి రాయి కట్టి దించితే 22 అడుగులొచ్చింది. నా లెక్క తప్పిందనే అనుకున్నాను. టీ తాగుతుంటే వెలిగింది, నేను కొలిచింది మోటారు ఆపి ఉన్నప్పుడు కదా! మోటారు వేసి, ధార తెగిన క్షణంలో మళ్లీ దించాను. తాడు 27 అడుగుల దగ్గర తడిసింది. ఎండాకాలం ఊట సన్నగిల్లి, తోడుతున్న కొద్దీ మట్టం పడిపోతోంది. మెకానిక్ రహస్యమూ అప్పుడే విడిపోయింది. ఆయన సగం రోజు పని చేసేలోపు బావి మళ్లీ ఊరేది, పేరు ఫుట్‌వాల్వ్‌కి వచ్చేది. (ఆయన మోసగాడు కాదు, పాపం, ఆయనా అదే నమ్మాడు.)

బావి లోపల పది అడుగుల కింద ఇనప దూలాలు వేసి పంపు అక్కడికి దించాం. ఊట పెరగలేదు కాబట్టి ఆపి ఆపి వేసుకోవాల్సిందే. వానలకి ముందు పైకి తీయకపోతే మోటారు మునుగుతుంది, ఆ తద్దినం వేరే.

మీరు చేయాల్సిందల్లా, సాల్వ్‌డ్ ప్రాబ్లమ్‌లో జవాబు మూసేసి, అంకెలు పట్టించుకోకుండా బొమ్మ గీయడం. డబ్బాలోకి ఏం వస్తోంది, ఏం పోతోంది అన్నది రాయండి. జవాబు వచ్చాక ఇచ్చిన వాటిలో ఒక్క అంకె మార్చి, జవాబు పెరుగుతుందో తగ్గుతుందో లెక్క చేయకుండా చెప్పండి. ఇది విసుగు పుట్టించే పని, ఫార్ములాలు బట్టీ కొట్టడమే సుఖం అనిపిస్తుంది.

హాస్టల్‌లో పై అంతస్తు కొళాయి సన్నగా, కింద కొళాయి జోరుగా వస్తుంటుంది కదా. ట్యాంకు నుంచి బొమ్మ గీసి, బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో ముందు రాసుకోండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తర్వాత తీయండి.