క్రైస్తవ కథలు రాసేవాళ్ళకి సహవాసం దొరుకుతుందా? నా అనుభవం

"నేను క్రైస్తవ కుటుంబాల గురించి కథలు రాస్తున్నాను. మా చర్చి సంఘంలో ఎవరూ చదవరు. సాహిత్య సభలకి వెళ్తే పరాయి ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది. నాలాంటి వాళ్ళకి సహవాసం ఎక్కడైనా దొరుకుతుందా?" అని అడిగారు.

దొరుకుతుందండి. నాకు దొరికింది. అయితే రచయితల దగ్గర దొరకలేదు. నేను 17 ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. భీమవరం దగ్గర ఒక పల్లెలో ఉంటాను, హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొదటి పదేళ్ళూ మీలాగే నాలాంటి రచయిత ఎక్కడైనా ఉంటారా అని వెతుకుతూ గడిపాను. చివరికి నా కథని నిజంగా విన్నవాళ్ళు మా శుక్రవారం స్త్రీల ప్రార్థన కూడికలో కనబడ్డారు. వాళ్ళలో సగం మందికి సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు.

ఆ రాత్రి సంగతి మీకు పూర్తిగా చెప్పాలి.

డిసెంబరు మొదటి వారం. వీధి చివర ఒక ఇంటి వాకిట్లో కూడిక. పట్టాలు పరిచారు, దోమలకి వేపాకు పొగ వేశారు. బైబిలు వాక్యం చెప్పాల్సిన అమ్మగారికి జ్వరమొచ్చి రాలేకపోయారు. మా స్త్రీల సమాజం ప్రెసిడెంటుగారు నా వైపు చూసి, "టీచరుగారూ, మీరేదైనా చెప్పండి, పావుగంట చాలు" అన్నారు. నా సంచిలో బైబిలుతో పాటు ఒక కథ కాగితాలు ఉన్నాయి, ప్రూఫ్ దిద్దుకోవడానికి తెచ్చుకున్నవి. అప్పటికప్పుడు వాక్యం చెప్పే ధైర్యం లేక, కథ చదువుతానన్నాను. అన్నేళ్ళలో మా సంఘంలో నా కథ పైకి చదవడం అదే మొదటిసారి.

కథ ఇది. మార్తమ్మ భర్త లేని మనిషి. ఆవిడ కూతురు సలోమి ఇంటిపనికి కువైట్ వెళ్తుంది. మొదట్లో వారం వారం ఫోన్ చేసేది, డబ్బు పంపేది. తర్వాత ఫోన్లు తగ్గి, ఒక రోజు నుంచి పూర్తిగా ఆగిపోతాయి. తల్లి ఏజెంటు చుట్టూ తిరుగుతుంది, ఉపవాసాలు ఉంటుంది. క్రిస్మస్ ముందు రోజు పక్కింటి కుర్రాడిని బతిమాలి చూరుకి స్టార్ కట్టిస్తుంది. పిల్ల ఏ అర్ధరాత్రో ఆటో దిగితే ఇల్లు పోల్చుకోవాలి కదా అని. అక్కడితో కథ అయిపోతుంది.

మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. ఇక్కడి నుంచీ కడప వైపు నుంచీ ఆడవాళ్ళు గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళడం దశాబ్దాలుగా ఉన్నదే. ఆ డబ్బుతో కట్టిన డాబాలు మా ఊళ్ళోనూ ఉన్నాయి.

చదవడం ఆపి తలెత్తాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రెసిడెంటుగారు అడిగారు: "ఇంతకీ పిల్ల వచ్చిందా, రాలేదా?"

"తెలీదండి. కథ అక్కడికే."

"అన్ని ఉపవాసాలు ఉన్నాక రాకపోవడం ఏమిటి? దేవుడు వినలేదంటారా? కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారిక్కడ. చివర్లో ఒక్క ముక్క కలపండి, క్రిస్మస్ ఆరాధన టైముకి పిల్ల వచ్చేసినట్టు."

నాకు గొంతు పట్టేసినట్టయింది. ఏం చెప్పాలో తెలియక కాగితాలు మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. తర్వాత ప్రార్థన అంశాలు అడిగారు. మామూలుగా చెప్పేవే చెప్పారు: మోకాళ్ళ నొప్పులు, ఇంటర్ పరీక్షలు, రొయ్యల చెరువులో తెల్ల మచ్చలు. అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న ఒక మామ్మగారు, ఎనభై దాటిన మనిషి, చెయ్యి ఎత్తి అన్నారు: "ఆ కువైట్ పిల్ల కోసం చెయ్యండమ్మా."

"ఏ పిల్ల మామ్మా?"

"అదే, మార్తమ్మ కూతురు. సలోమి."

ఒకమ్మాయి మెల్లగా చెప్పింది, "ఆ పిల్ల కథలోది మామ్మా. నిజంగా లేదు."

"పేరు మార్చి రాసుంటాదే. పిల్ల లేకుండా ఎలా ఉంటాది?"

ఆ మాటకి వాకిలంతా నిశ్శబ్దమైపోయింది. గోడవారగా కూర్చున్న ఒకావిడ తన చెల్లెలి పేరు చెప్పింది. ఫోన్ వచ్చి ఏడు నెలలైందట. ఇంకొకావిడ కోడలి పేరు చెప్పింది. ఆ రాత్రి మొత్తం ఐదు పేర్లు వచ్చాయి. ఐదుగురూ మా ఊరి ఆడపిల్లలే. వాళ్ళ పేర్లు అంతకుముందు మా ప్రార్థన పుస్తకంలో ఒక్కసారి కూడా లేవు. గల్ఫ్ వెళ్ళి మాట లేకుండా పోయిన ఆడపిల్ల గురించి ఊళ్ళో నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆ భయంతో ఇంటివాళ్ళు దేవుడి దగ్గర చెప్పుకుంటారు గానీ పదిమందిలో నోరు విప్పరు. కథలో పిల్ల పేరు ముందుగా ఎవరో పలికాక వాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. ఆ రోజు కూడిక పది గంటలు దాటేదాకా సాగింది.

ఇంకొకటి కూడా జరిగింది. చెప్పులు వేసుకుంటుంటే, ఆరేళ్ళు కువైట్‌లో చేసి వచ్చిన ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది. "టీచరుగారూ, ఫోన్ రాత్రి ఎనిమిదింటికి మోగినట్టు రాశారు. ఎనిమిదింటికి మాకెక్కడ తీరుబడి? అందరి భోజనాలూ అయి, గిన్నెలు కడిగి, పడుకునేసరికి అక్కడ పదకొండు. ఇక్కడ ఒకటిన్నర. మా అమ్మ ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేది" అంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చిలు కూడా ఎక్కువగా శుక్రవారమే ఆరాధన పెడతాయనీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళని ఆ పూట బయటికి పంపడం, మానడం మేడం ఇష్టమనీ చెప్పింది. తనకి ఆరేళ్ళలో నాలుగుసార్లే తెలుగు ఆరాధనకి వెళ్ళడం కుదిరిందట. నేను ఇంటికి వెళ్ళి కథ సగం తిరగరాశాను. మార్తమ్మ రోజూ ఒకటిన్నర దాకా మేలుకుని ఉంటుందని రాసినప్పుడు నాకే ఆ మనిషి మొదటిసారి కనబడింది. ఏ విమర్శకుడు చెప్పగలడండి ఆ మాట?

చివర్లో పిల్ల వచ్చినట్టు మాత్రం కలపలేదు.

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, చెప్పేస్తాను. మన సంఘాల్లో కథ పెరగకపోవడానికి కారణం సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేలుని అందరి ముందూ చెప్పుకోవడం. సాక్ష్యం చెప్పడం తప్పని అనడం లేదు, నేనూ చెప్పాను. కానీ ఒకే మూసలో చెబుతాం: జబ్బు చేసింది, డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థించాం, బాగయింది. బాగవనివాళ్ళు మైకు దగ్గరికి రారు. ఏళ్ళ తరబడి అవే విని విని, ఇంకా జవాబు రాని ప్రార్థన గురించి వినే ఓపిక మనకి పోయింది. కథ అక్కడే మొదలవుతుంది.

బైబిలు అలా లేదు. యోనా గ్రంథం ప్రశ్నతో ఆగిపోతుంది. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న నీనెవె మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. యోనా ఏమన్నాడో రాయలేదు. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చాడు సరే, అలిగి బయటే నిలబడ్డ పెద్దవాడు లోపలికి వెళ్ళాడా? తండ్రి బతిమాలుతుండగానే ప్రభువు కథ ఆపేశాడు. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వెళ్ళి పేదవాడి గొర్రెపిల్ల సంగతి చెప్పాడు. ఆ గొర్రెపిల్ల కల్పితమే. దావీదు మాత్రం నిజమనుకుని మండిపడ్డాడు, అప్పుడు గానీ తన పాపం తనకి కనబడలేదు. "జరగనిది జరిగినట్టు రాయడం అబద్ధం కదా సిస్టర్" అని ఒక సంఘ పెద్ద నన్ను అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు ఇదే. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోరు. కానీ ఆయన భార్య నా దగ్గర పుస్తకం తీసుకెళ్ళింది.

సాహిత్య సభలు పరాయిగా ఉంటాయన్నారు. నిజమే. విజయవాడలో ఒక సభలో ఒక పెద్దమనిషి, "బాగా రాస్తున్నారమ్మా, మతం కాస్త పక్కన పెట్టి రాయండి" అన్నారు. నాకు చాలా బాధేసింది. కథలో తులసికోట, కార్తీకదీపం, జాతర ఉంటే అది మన మట్టివాసన. చూరుకి క్రిస్మస్ స్టార్ కడితే ప్రచారమా? ఆ స్టార్ కట్టే చూరు కూడా ఈ మట్టిదే. మన సినిమాలైతే ఇక చెప్పక్కర్లేదు, క్రైస్తవురాలంటే నర్సు, మాటకి ముందు "ఓ ప్రభువా". పత్రికలకి డిసెంబరు వస్తే తప్ప మేము గుర్తురాము, అది కూడా "క్రిస్మస్ కథ ఒకటి, రెండు పేజీలకి మించకుండా, ఎల్లుండికల్లా" అని. మనుషులకి జనవరిలోనూ కష్టాలుంటాయి.

ఇలాంటప్పుడు నేను గుర్రం జాషువాని తలుచుకుంటాను. వినుకొండలో పుట్టిన ఆయన "క్రీస్తు చరిత్ర" రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ ఆయనే "గబ్బిలం"లో ఒక అంటరానివాడి గోడుని కాశీలోని శివుడికి కబురుగా పంపాడు. ఏ గుడిలో చెప్పుకోవలసిన బాధ ఆ గుడిలో చెప్పించాడు. ఎవరి గీతలు వాళ్ళు గీసి ఉంచినా, లోపల నిలబడి రాయడమెలాగో ఆయన చూపించాడు.

మీరు తప్పకుండా పట్టుకోవలసింది ఇంకొకటుంది, మనవాళ్ళ భాష. క్రైస్తవ కథల్లో పాత్రలన్నీ ఇంట్లో కూడా బైబిలు తెలుగు మాట్లాడతాయి. లేదంటే ప్రార్థన కూడా టీవీ తెలుగులో చేస్తాయి. రెండూ తప్పే. మా నాయనమ్మ బడికి వెళ్ళలేదు. మోకరిస్తే "కృపగల తండ్రీ, నీ సన్నిధికి వచ్చియున్నాము, మమ్మును కాపాడుము" అని ధారాళంగా గ్రాంథికం వచ్చేది. ఆమెన్ అనగానే "ఒసే, పాలు పొంగిపోతన్నాయ్, చూడవేంటే" అనేది. ఆ రెండు గొంతులూ ఒకే మనిషివి. ఆ మలుపు రాయగలిగితే చాలు, ఆ ఇల్లు మొత్తం వచ్చేస్తుంది.

మీరనుకునే రచయితల సహవాసం గురించి నేనూ చాలా కలలు కన్నాను. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంక్లింగ్స్ అని ఒక మిత్ర బృందం ఉండేది. ఇంగ్లీషు రచయితలు సి.ఎస్. లూయిస్, టోల్కీన్ అందులోవాళ్ళే. ఒకరు ఆంగ్లికన్, ఇంకొకరు క్యాథలిక్. గురువారం రాత్రులు మాగ్డలెన్ కాలేజీలో లూయిస్ గదిలో కూర్చుని రాసింది పైకి చదువుకునేవాళ్ళు. టోల్కీన్ తన పెద్ద నవల "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్"ని ఏళ్ళ తరబడి అక్కడ భాగాలు భాగాలుగా చదివాడు. వింటూ విసుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారు, అయినా లూయిస్ వదలకుండా పట్టుబట్టి రాయించాడు. ఇది చదివినప్పుడల్లా అలాంటి చదువుకున్నవాళ్ళు మనకెక్కడ దొరుకుతారని దిగులుపడేదాన్ని. వాళ్ళకి బలాన్నిచ్చింది ప్రతి వారం ఒకచోట కూర్చుని, పైకి చదివి, మొహం మీద మాట చెప్పుకోవడమేనని ఆ వేపాకు పొగలో కూర్చున్నాక నాకు అర్థమైంది. అది మా వీధిలోనూ జరుగుతుంది.

కాబట్టి మీరు సంఘంలో ఎవరూ చదవరని ఆగిపోకండి. పుస్తకం చేతికిస్తే చదవరు, అది నిజం. మీరే చదివి వినిపించండి. అందరి ముందూ వద్దనుకుంటే ఐదుగురిని ఇంటికి పిలిచి, టీ పెట్టి చదవండి. ప్రశ్నలు అడుగుతారు. కొన్ని గుచ్చుకుంటాయి. మా ప్రెసిడెంటుగారు ఇప్పటికీ నా ముగింపులకి ఒప్పుకోరు, కానీ నెలకొకసారి "ఈ వారం కథ ఉందా టీచరుగారూ?" అని ముందుగా అడిగేది ఆవిడే.

ఇప్పుడు కోత పండుగ మీద ఒక కథ రాస్తున్నాను. చర్చిలో కానుకగా తెచ్చిన గుమ్మడికాయని వేలం వేస్తారు, ఇద్దరు తోడికోడళ్ళు పంతానికి పోయి పాట పెంచుకుంటూ పోతారు. గుమ్మడికాయ ఎంతకి ఆగాలో నాకింకా తేలలేదు. వచ్చే శుక్రవారం చదివి మామ్మగారిని అడుగుతాను, ఆవిడ అరవై కోత పండుగలైనా చూసి ఉంటారు.