కొన్ని అంగారక శిలలను ‘షెర్గొటైట్’ అని ఎందుకు అంటారు?

ఆ పేరు బీహార్‌లోని ఒక ఊరిది. గయ దగ్గరున్న షేర్‌ఘాటీలో 1865 ఆగస్టు 25న సుమారు 5 కిలోల రాయి ఆకాశం నుంచి పడింది. పడుతుంటే జనం చూశారు కాబట్టి వెంటనే దొరికింది. ఉల్కకు అది దొరికిన చోటు పేరు పెట్టడం ఆనవాయితీ. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని ‘షెర్గొటీ’ అని రాసేవారు, ఆ రూపమే స్థిరపడింది. తర్వాత ఇదే జాతి రాళ్లన్నిటినీ ‘షెర్గొటైట్’ అన్నారు.

1872లో ఆస్ట్రియా శాస్త్రవేత్త చెర్మాక్ ఈ రాతిలో గాజులాంటి పదార్థాన్ని గుర్తించి మాస్కెలినైట్ అని పేరు పెట్టారు. భయంకరమైన తాకిడికి ఖనిజం అలా మారిపోతుంది. అయితే ఇది ఎక్కడి రాయో తేలడానికి వందేళ్లు దాటింది. అంటార్కిటికాలో దొరికిన ఇదే జాతి రాతిలో చిక్కుకున్న వాయువులు, 1976లో నాసా వైకింగ్ అంతరిక్ష నౌకలు అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయని 1980లలో తెలిసింది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే విలువైనది ఆ రోజు చూసినవాళ్ల సాక్ష్యమే. పడిన తేదీ, చోటు కచ్చితంగా తెలిసిన ఉల్కలు తక్కువ.

మీకు అలాంటి రాయి కనిపిస్తే ముందు ఉన్నచోటే ఫొటో తీయండి. కడగొద్దు. అయస్కాంతం అసలు ఆనించొద్దు, రాతిలో నిలిచిన పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. తర్వాత జీఎస్‌ఐ, అంటే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెప్పండి.