బయోటెక్ విద్యార్థినికి ఓఎల్ఈడీ సెన్సార్ల రంగం అందుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. ఓఎల్ఈడీలతో పనిచేసే చిన్న బయోసెన్సార్ల మీద పరిశోధన చేస్తానంటోంది. అందుకు ఈసీఈ చదవాలని, బ్రాంచి మార్పించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బ్రాంచి మార్చవలసిన అవసరం లేదు. ఓఎల్ఈడీలను, అంటే ఫోన్ తెరలో వెలిగే సేంద్రియ పదార్థపు పొరలనే దీపంగా వాడుకునే ఈ సెన్సార్లలో బయోటెక్నాలజీ వాటా తక్కువేమీ కాదు.

అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో రూపొందిన గ్లూకోజ్ సెన్సార్‌నే తీసుకోండి. ఓఎల్ఈడీ కాంతి పడగానే అందులోని ప్లాటినమ్ పోర్ఫిరిన్ వంటి రంగు పదార్థం ఎర్రగా మెరుస్తుంది. చుట్టూ ఆక్సిజన్ ఎంత ఎక్కువగా ఉంటే ఆ మెరుపు అంత త్వరగా ఆరిపోతుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌తో చర్య జరిపేటప్పుడు ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది కాబట్టి, గ్లూకోజ్ పెరిగేకొద్దీ మెరుపు ఎక్కువసేపు నిలుస్తుంది. దీపాన్ని ఒక్క క్షణం వెలిగించి ఆర్పి, ఆ తరువాత మెరుపు నిలిచిన కాలాన్ని మైక్రోసెకన్లలో కొలిస్తే, దీపం కొంత మసకబారినా లెక్క పెద్దగా తప్పదు, దీపపు కాంతిని వడగట్టే ఫిల్టరు కూడా అక్కరలేదు. నాకు ఈ ఉపాయం ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. ఇందులో ఎంజైమ్‌ను చురుకుదనం చెడకుండా పొరలో నిలపడం మీ అమ్మాయి నేర్చుకుంటున్న విద్యే.

అసలు చిక్కు మన్నికలో ఉంది. గాలి, తేమ తగిలితే సేంద్రియ పొరలు పాడవుతాయి. 2016లో టోక్యో యూనివర్సిటీకి చెందిన తకావో సొమేయా బృందం 3 మైక్రోమీటర్ల మందంతో, చర్మానికి అతుక్కుని రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరం తయారుచేసినప్పుడు, అది గాలిలో కొన్ని రోజులు పనిచేయడమే ఘనకార్యం అయింది. పరిశోధకులకు ఇంకా పని మిగిలి ఉన్నదీ ఇక్కడే.

ఈ రంగం పేరుతో క్యాంపస్ ఉద్యోగాలు వస్తాయని మాత్రం ఆశించకండి. ఇది ఎంటెక్, ఆపై పీహెచ్‌డీ దాకా నడవవలసిన దారి. గేట్‌లో బయోటెక్నాలజీ, బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్లు రెండూ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం, ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం ఉన్నాయి. ఏ పేపరుతో ఎక్కడ చేర్చుకుంటారో ఆయా సంస్థల ప్రకటనల్లో ముందే చూసుకోవాలి.

ఈ వేసవి సెలవుల్లో ఒక ఎల్ఈడీ, కాంతిని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఫోటోడయోడ్, ఆ సిగ్నల్‌ను చదివే ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కొనిచ్చి, వేలికొసన నాడిని కొలవమనండి. గదిలోని ట్యూబ్‌లైటు, వేలి కదలిక కలిసి సిగ్నల్‌ను చెడగొడతాయి. ఆ చిరాకును వారాల తరబడి భరించి శుభ్రమైన గీత రాబట్టిందంటే ఎలక్ట్రానిక్స్ భయం లేనట్టే. విసుగొస్తే సెన్సార్లలోనే ఎంజైమ్ వైపు పనికి మొగ్గవచ్చు.