పాఠకుల ప్రశ్నలు: సైకిలు మీద వెళ్తూ పిట్టల్నీ జంతువుల్నీ చూడటం

ప్రశ్న: రోజూ పొద్దున మా చెరువు కట్ట మీద సైకిలు తొక్కుతాను. కరెంటు తీగ మీద పాలపిట్ట నేను దాటిపోతున్నా కదలదు. చూద్దామని ఆగానంటే మాత్రం తుర్రుమంటుంది. ఎందుకలా? – ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: మీరు ఆగుతున్నారు కాబట్టే. కట్ట మీద బర్లు, బళ్ళు, మనుషులు పోతూనే ఉంటారు. దారిన పోయేవాటిని పిట్ట లెక్కచేయదు. వేగం తగ్గి, మొహం తనవైపు తిరిగితేనే దానికి అనుమానం. అందుకని కనబడ్డచోట బ్రేకు వేయకండి. అదే వేగంతో, చూపు దారి మీదే ఉంచి, ముప్పై నలభై మీటర్లు దాటిపోండి. తుమ్మచెట్టో తూము గోడో చాటున్న చోట నెమ్మదిగా ఆపండి. కాలు సీటు మీదుగా తిప్పి దిగడం పెద్ద కదలిక. ఒక పాదం నేల మీద ఆనించి సైకిలు మీదే ఉండండి. ఒకటి రెండు నిమిషాలు ఊపిరి కుదుటపడ్డాక అక్కణ్ణుంచే చూడండి. ఇంకా దగ్గరికి పోవాలనుకుంటే సూటిగా నడవకుండా, పక్కగా పోతున్నట్టు ఏటవాలుగా జరగండి.

మెడ సాచడం, ఒళ్ళు ముందుకు వంచడం, రెట్ట వేయడం కనిపిస్తే ఇక ఎగరబోతోందని లెక్క, అక్కడే ఆగిపోండి. ఎగిరినా ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. పాలపిట్ట మిడతను పట్టడానికి కిందికి దిగి, చాలాసార్లు మళ్ళీ అదే తీగ మీదికి వస్తుంది. పొద్దున్నే అయితే పడమటి దిక్కుగా తొక్కండి. ఎండ మీ వీపు వెనక ఉంటుంది, రెక్క విప్పినప్పుడు ఆ నీలం పూర్తిగా కనిపిస్తుంది. ఎండకు ఎదురుగా చూస్తే పాలపిట్టైనా నల్లగానే ఉంటుంది.

ఒక్క పిట్ట దగ్గర ఈ ఓపిక పనికిరాదు. మార్చి నుంచి ఆగస్టు దాకా తీతువు పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తోందంటే దగ్గర్లో గుడ్లున్నట్టే. గూడంటూ ఉండదు, గులకరాళ్ళ మధ్య గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు, రాళ్ళ రంగులోనే. టైరు కింద పడినా తెలియదు. మీరున్నంతసేపూ తల్లి గుడ్ల మీదికి రాదు, ఎండకు అవి పాడవుతాయి. వెతక్కుండా, వచ్చిన దారి గీతలోనే బయటపడండి.

ప్రశ్న: తొక్కడం ఆపగానే వెనక చక్రంలోంచి టకటకమని చప్పుడు. దానికే అన్నీ బెదిరిపోతున్నాయి. గ్రీజు కొట్టిస్తే పోతుందా? – తెనాలి దగ్గరి పాఠకురాలు

జవాబు: తొక్కడం ఆపినా వెనక చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ లోపల స్ప్రింగు మీద నిలిచే చిన్న కొక్కేలు పళ్ళ మీదుగా జారే చప్పుడది. చిక్కటి గ్రీజు నింపితే చప్పుడు తగ్గుతుంది గానీ, కొక్కేలు అతుక్కుపోయి ఎత్తు ఎక్కేటప్పుడు పెడలు ఖాళీగా తిరిగిపోతుంది. అంతకంటే తేలిక: ఊరికే జారనివ్వకుండా, చక్రం వేగానికి తగ్గట్టు గేరు వేసుకుని, గొలుసు బిగుతుగా ఉండేంత మాత్రం తొక్కుతూ ఉండండి. కొక్కెం పళ్ళలో కూర్చుంటుంది, చప్పుడుండదు. వెనక్కి తొక్కితే టకటక ఇంకా పెరుగుతుంది.

మిగతా చప్పుళ్ళకు ముందు చక్రాన్ని జానెడు ఎత్తి వదలండి, తర్వాత వెనకది. ఏది గలగలమంటుందో అప్పుడే తెలుస్తుంది: బాటిలు, పంపు, క్యారియరు, మడ్‌గార్డు, తాళంచెవులు. పాత ట్యూబు ముక్క చుడితే చాలావరకు సద్దుమణుగుతాయి. గొలుసుకు ఒక్కో లింకుకు ఒక్క చుక్క నూనె, పది నిమిషాలాగి గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే మట్టి అంటుకుని గరగరమంటుంది. రిమ్ బ్రేకు కీచుమంటే, రబ్బరు ముందు కొస వెనక కొసకంటే ఒక మిల్లీమీటరు ముందుగా రిమ్ముకు తగిలేలా బిగించండి.

ప్రశ్న: బైనాక్యులర్స్ 8×42 కొనాలా, 10×42 కొనాలా? – కర్నూలు పాఠకుడు

జవాబు: 8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లలో చేతి వణుకు కూడా పది రెట్లే, తొక్కి ఆగిన గుండెతో అసలు నిలవదు. ఎనిమిదిలో కనబడే మేర కూడా ఎక్కువ, పిట్ట త్వరగా దొరుకుతుంది. క్యారియరు సంచిలో వేయకండి. గతుకులకు లోపలి అద్దాలు పక్కకు జరిగితే రెండు బొమ్మలు కనబడతాయి. రెండు భుజాల పట్టీతో ఛాతీకి కట్టుకోండి.

ప్రశ్న: బండ్లబాట దుమ్ములో పాదాల గుర్తులుంటున్నాయి. కుక్కవో నక్కవో ఎలా చెప్పాలి? – ఒక ఉపాధ్యాయురాలు, వికారాబాద్

జవాబు: ఒక్క అడుగు చూసి చెప్పేవాళ్ళను నమ్మకండి. వరస చూడండి. ఊరకుక్క అటూ ఇటూ వాసన చూస్తూ వంకరటింకరగా పోతుంది. నక్క ఎక్కువగా ఒకే గీత పట్టుకుని పోతుంది, దాని అడుగు కాస్త సన్నగా ఉంటుంది. రెండింటికీ గోళ్ళ గుర్తులు పడతాయి. గోళ్ళు లేకుండా గుండ్రంగా ఉంటే పిల్లి జాతి. అడుగుల మధ్య తోక ఈడ్చిన గీత ఉంటే ఉడుము. సైకిలు వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది: నిన్న సాయంత్రపు మీ టైరు గీత మీద అడుగు పడి ఉంటే, అది ఆ తర్వాత పోయిందే. ఫొటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీయండి.

ప్రశ్న: మా వైపు రాళ్ళ గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయంటారు. చప్పుడు చేయకుండా పోవడం మంచిదేనా? – అనంతపురం జిల్లా పాఠకుడు

జవాబు: అక్కడ మాత్రం కాదు. ఎలుగుబంటి చాలాసార్లు దాడి చేసేది మనిషి హఠాత్తుగా దగ్గర్లో ఎదురైనప్పుడే. చెరువు కట్ట మీద దాచిన చప్పుడంతా గుట్టల్లో చేయండి: మలుపు ముందు బెల్లు కొట్టండి, మాట్లాడుకుంటూ పోండి. సీతాఫలాలు పండే రోజుల్లో, పుట్టలు కొత్తగా తవ్వి ఉన్నచోట, తెల్లవారకముందూ చీకటి పడ్డాకా వెళ్ళొద్దు. పిల్లలతో కనిపిస్తే ఫొటో ఆలోచన మానేసి, పరుగెత్తకుండా, సైకిలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరగండి. చీకటి వేళ అదే దారిలో రక్తపింజర కూడా పడుకుని ఉంటుంది, హెడ్‌లైటు తప్పనిసరి. ఒకవేళ కరిస్తే గాటు పెట్టొద్దు, కట్టు కట్టొద్దు, తొక్కుకుంటూ ఆసుపత్రికి పోవద్దు; కాలు కదపకుండా కూర్చుని 108కి ఫోను చేయండి. ఇక నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల లోపలి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా సైకిలు తిప్పకండి.