పొట్ట ఆపరేషన్ తర్వాత మూడు రకాల నొప్పి మందులు కలిపి వాడొచ్చా?

మీ అమ్మగారికి బరంపురంలో పొట్ట కోసి పేగు ఆపరేషన్ చేశారని, పర్లాకిమిడి ఇంటికి పంపేటప్పుడు పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ట్రమడాల్ మూడూ రాసిచ్చారని అన్నారు. "ఇన్ని నొప్పి మాత్రలా, కిడ్నీలు పోతాయి, రెండు ఆపేయండి" అని మీ మావయ్యగారు అంటున్నారట. నేను డాక్టర్ని కాను. మాది రాయగడ, నాకూ అలాంటి ఆపరేషనే అయింది. అప్పుడు మా సర్జన్‌ని విసిగించి మరీ తెలుసుకున్నవి చెప్తాను.

మూడు మందులంటే ఒకే మందు మూడింతలు వేసినట్టు కాదు. పారాసిటమాల్ ఎక్కువగా మెదడు, వెన్నుపాము వైపు నుంచి పనిచేస్తుంది. డైక్లోఫెనాక్ కోసిన చోట వాపునీ నొప్పినీ పుట్టించే రసాయనాలను తగ్గిస్తుంది. ట్రమడాల్ ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందు) జాతిది, నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో అడ్డుపడుతుంది. మొదటి రెండూ వేళకు పడితే మూడోది కొంచెంతో సరిపోతుంది. ఓపియాయిడ్ ఎక్కువైతే వాంతులు, మత్తు, పైగా పేగు కదలిక మందగిస్తుంది. పేగు ఆపరేషన్ అయిన ఇంట్లో గ్యాస్ పోవడమే పండగ కదా!

ఆస్పత్రిలో నాకు వెన్నులో సన్నటి గొట్టం పెట్టి తిమ్మిరి మందు ఇచ్చారు, దానికి తోడు ఆరు గంటలకోసారి పారాసిటమాల్ సీసా ఎక్కించేవారు. ఒడియా నర్సమ్మకి తెలుగు అంతంతమాత్రం. పది వేళ్లూ చూపించి నొప్పి ఎంత అని అడిగేది. పడుకుని రెండు అంటే ఒప్పుకునేది కాదు, దగ్గి చెప్పమనేది. మీరూ అలాగే అడగండి. నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు, నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. నొప్పి పూర్తిగా పోనక్కర్లేదు, దిండు పొట్టకి అదుముకుని దగ్గగలిగితే, నాలుగడుగులు వేయగలిగితే మందు పనిచేస్తున్నట్టే. అందుకే మొదటి రోజుల్లో నొప్పి ముదిరే దాకా ఆగకుండా, రాసిన వేళకే వేస్తారు.

మావయ్యగారి భయం ఉత్తదేం కాదు, కానీ అది డైక్లోఫెనాక్‌కి సంబంధించింది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబడే మందులు ఉన్నా, వాంతులతో ఒంట్లో నీరు తగ్గి మూత్రం సరిగ్గా రాకపోయినా ఆ మాత్ర వేసే ముందు డాక్టర్ని అడగాలి. అవేవీ లేకపోతే, డాక్టర్ రాసిన కొద్ది రోజుల వాడకానికి సాధారణంగా అంత టెన్షన్ అక్కర్లేదు.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్ని మందులు బరంపురంలో, మిగిలినవి పాతపట్నంలో కొన్నామన్నారు. కంపెనీ మారితే పేరు మారుతుంది. డోలో 650 పారాసిటమాలే, అల్ట్రాసెట్‌లో ట్రమడాల్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంటుంది, డైక్లోఫెనాక్‌లోనూ అలా కలిపినవి దొరుకుతాయి. అన్నిట్లో ఉన్న పారాసిటమాల్ కలిపి పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు మించితే కాలేయానికి ముప్పు. బక్కపలచని మనిషికి, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి హద్దు ఇంకా తక్కువ. స్ట్రిప్‌ల వెనక ఉన్న మందు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి, పారాసిటమాల్ మొత్తం ఎంతో కూడండి.

ఇంతకీ నాకు భయం వేసింది మీరు ఆఖర్న రాసిన ముక్కకి. అమ్మగారు రాత్రిళ్లు ఆల్ప్రజోలం (ఆందోళనకీ నిద్రకీ ఇచ్చే మాత్ర) వేసుకుంటారన్నారు. ట్రమడాల్, నిద్రమాత్ర రెండూ కలిస్తే మత్తు పెరిగి ఊపిరి మందగించవచ్చు. అలాగని ఏళ్లుగా వేసుకుంటున్న మాత్ర మీరే ఠక్కున ఆపేయకూడదు, అదీ ప్రమాదమే. ఈ సంగతి సర్జన్‌కి చెప్పారో లేదో ఈ రాత్రి మాత్రకి ముందే ఫోన్ చేసి తేల్చుకోండి. ఫిట్స్ ఉన్నా, డిప్రెషన్ మందులు వాడుతున్నా అదీ చెప్పండి. పిలిస్తే పలకనంత మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా ఫోన్లతో కాలయాపన చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నొప్పి తగ్గేకొద్దీ సాధారణంగా ముందు ట్రమడాల్, తర్వాత డైక్లోఫెనాక్, చివర్న పారాసిటమాల్ మాన్పిస్తారు. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా ఇంకో మాత్ర వేసి చూద్దాం అనుకోకండి. కుట్ల లోపల ఏమైందో డాక్టరే చూడాలి.