క్లబ్ చేతులు మారితే మెస్ బాకీ ఎవరు కట్టాలి?

ప్రశ్న: మాది చిన్న క్యాటరింగ్ సంస్థ. 2021లోనే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాం. ఆ తర్వాత ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాళ్లకు, సిబ్బందికి రెండు సీజన్లు భోజనాలు పెట్టాం. రూ.14 లక్షల పైచిలుకు రావాలి. పాత యజమాని కంపెనీ ఖాతా మీద ఇచ్చిన రూ.5 లక్షల చెక్కు మూడు వారాల క్రితం బౌన్స్ అయింది. ఈలోగా క్లబ్‌ను ఎవరో కొన్నారట. ఎవరు కొన్నారో ఆఫీసులో చెప్పడం లేదు. కొత్త మేనేజర్ ‘పాత బాకీలతో మాకు సంబంధం లేదు’ అంటున్నారు. టీమ్‌ను వేరే ఊరికి తీసుకెళ్తారని కూడా అంటున్నారు. ఆటగాళ్ల జీతాలు మాత్రం కట్టేశారు. మా డబ్బు వస్తుందా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు చెక్కు సంగతి చూడండి, మిగతావాటికి టైముంది, దీనికి లేదు. చెక్కు బౌన్స్ అయిందని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. కంపెనీకి, సంతకం పెట్టిన డైరెక్టర్‌కు విడివిడిగా స్పీడ్ పోస్టులో పంపించి రసీదులు దాచుకోండి. నోటీసులో చెక్కు మొత్తం రూ.5 లక్షలే అడగండి. కోపంలో రూ.14 లక్షలూ కలిపి అడిగితే నోటీసే చెల్లదని కేసు కొట్టేసే ప్రమాదం ఉంది. నోటీసు అందాక వాళ్లకు 15 రోజుల గడువుంటుంది. అప్పటికీ కట్టకపోతే, ఆ గడువు ముగిశాక ఒక నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఒకవేళ 30 రోజులు దాటిపోయినా, చెక్కు తేదీకి మూడు నెలలు నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేయండి. మళ్లీ తిరిగొస్తే గడువు కొత్తగా మొదలవుతుంది. పాత యజమాని వాటాలు అమ్ముకుని వెళ్లిపోయినా చెక్కు మీద సంతకం ఆయనదే. సంతకం చేసినవారిని కోర్టులు అంత తేలిగ్గా వదలవు.

ఇక ‘సంబంధం లేదు’ అన్న మాట. కొత్తవాళ్లు కొన్నది కంపెనీ వాటాలైతే ఆ మాట చట్టం ముందు నిలవదు. వాటాలు ఎవరి చేతికి వెళ్లినా కంపెనీ అదే, మీకు బాకీ ఉన్నదీ అదే. అలా కాకుండా టీమ్‌ను, లీగ్‌లో ఆడే లైసెన్సును మాత్రమే ఇంకో కంపెనీకి బదిలీ చేసి ఉంటే చిక్కే. అప్పుడు అప్పు సాధారణంగా పాత కంపెనీ దగ్గరే మిగులుతుంది, దాని దగ్గర కట్టడానికి ఏమీ ఉండదు. వీటిలో ఏది జరిగిందో తెలుసుకోవడం మీ చేతిలోనే ఉంది.

మీరిచ్చిన బిల్లు ఒకటి తీసి, అందులో వాళ్ల జీఎస్టీ నంబరు చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి పది పాన్ నంబరు. మొత్తం నంబరులో ఆరో అక్షరం ‘సి’ అయితే అది కంపెనీ, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ లేదా ఎల్‌ఎల్‌పీ, ‘పి’ అయితే ఒక వ్యక్తి సొంత వ్యాపారం. క్లబ్ పేరు జెర్సీ మీద ఉండేది. నోటీసు మాత్రం బిల్లు మీదున్న సంస్థకు వెళ్లాలి. అది కంపెనీయే అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చిన్న ఫీజు కట్టి దాఖలైన కాగితాలన్నీ చూడొచ్చు. డైరెక్టర్లు ఎప్పుడు మారారో, వాటాదారులెవరో, ఆస్తులు ఏ బ్యాంకుకు తాకట్టులో ఉన్నాయో అందులో ఉంటుంది. 10 శాతం, అంతకుమించి వాటాను బినామీ కంపెనీల ద్వారా చేతిలో పెట్టుకున్న అసలు మనిషి పేరు కూడా బెన్-2 ఫారంలో చూపాలని కంపెనీల చట్టం సెక్షన్ 90 చెబుతోంది.

ఆటగాళ్లకు కట్టారంటే, వాళ్ల వెనక ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఉంది. జీతాలు ఎగ్గొట్టిన క్లబ్‌ను అది వరసగా మూడు రిజిస్ట్రేషన్ విండోల (ఆటగాళ్లను చేర్చుకునే గడువుల) దాకా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఆపగలదు. పేరు, కంపెనీ మార్చినా అది పాత క్లబ్‌కు కొనసాగింపేనని తేలిస్తే బాకీ వెంటే వస్తుంది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బాకీలు, ఫిఫా నిషేధం మీద పడ్డాయి. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది, 2025లో ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇలాంటి మార్పుల్లో వండిపెట్టినవాళ్లను, బస్సు నడిపినవాళ్లను, బట్టలు ఉతికినవాళ్లను ఫిఫా పట్టించుకోదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. లైసెన్సు ఇచ్చేటప్పుడు మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ వీళ్ల బాకీల లెక్క కూడా అడగాలి.

మీకు మాత్రం ఉద్యమ్ ఉంది, అదీ సరఫరాకు ముందే తీసుకున్నది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. మీ రాష్ట్రంలో ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. టీమ్ ఏ ఊరు వెళ్లినా విచారణ మీ దగ్గరే జరుగుతుంది. తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక వాళ్లు కోర్టుకెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. బిల్లులు, డెలివరీ చలానాలు, ‘వచ్చే నెల సర్దుతాం’ అన్న మెయిళ్లు అన్నీ జతచేయండి. బాకీ ఒప్పుకున్న రాత కాలపరిమితి లోపలే పుట్టి ఉంటే, ఆ తేదీ నుంచి మూడేళ్లు కొత్తగా లెక్కకొస్తాయి.

దివాలా పిటిషన్ వేస్తామని బెదిరించకండి. దానికి కనీసం కోటి రూపాయల బాకీ ఉండాలి. కానీ బ్యాంకో, ఇంకొకరో ఆ కంపెనీని దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)కి లాగితే పేపర్లో ప్రకటన వస్తుంది. అది చూడగానే గడువులోపు ఫారం-బిలో మీ క్లెయిమ్ వేయండి. వేయకుండా ఊరుకుంటే, కంపెనీని గట్టెక్కించే పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందిన రోజున మీ బాకీ రద్దయిపోతుంది. 2021లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. సంతకం చేసిన డైరెక్టర్ మీద చెక్కు కేసు మాత్రం దివాలా ప్రక్రియ మొదలైనా ఆగదు. అందుకే ఆ నోటీసు ఈ వారమే పంపమంటున్నాను.